సమ్మమ్మ చావు సెలవు

ధర్మసాగర్,
ఫిబ్రవరి, మొదటి వారం

చిరంజీవి పద్మలతకు,

మొన్న మంగళవారం స్వర్గస్థురాలైన మీ మేనత్త సమ్మమ్మ దీవించి రాయునది. నేనిక్కడ క్షేమం. చచ్చినవాళ్లు ఇంతకన్నా క్షేమంగా ఉండరనే అనుకుంటాను.

పొద్దున పాల కోసం బస్టాండు దాకా పోతే, కరెంటు స్తంభానికి నన్ను కట్టి ఉంచారు. నిలువెత్తు ఫ్లెక్సీ. పైన 'కన్నీటి శ్రద్ధాంజలి' అని పెద్ద అక్షరాలు, నడుమ దండతో నేను, కింద గుండ్రాల్లో దుఃఖంలో మునిగిన కుటుంబ సభ్యులు. ఒక గుండ్రంలో నువ్వు, ఇంకో గుండ్రంలో నీ బిడ్డ స్నేహలత. స్నేహలత పళ్లన్నీ కనపడేటట్టు నవ్వుతోంది. నేను పోయినందుకు పిల్లకు అంత సంబరమేమిటో నాకు అర్థం కాలేదు.

నిలబడి చదువుకుంటుంటే మన పక్కింటి మొగిలమ్మ వచ్చి నా చెయ్యి గిల్లి చూసింది. తర్వాత నా చెవిలో నోరు పెట్టి, "సచ్చినవని రాసిండ్రు గదనే, మరి పాలకెట్లొచ్చినవ్?" అని అరిచింది. మధ్యాహ్నం వేలేరు నుంచి ఇద్దరు చుట్టాలు దిగారు. నేను పెట్టిన చాయ తాగి, నా గురించి నాలుగు మంచి మాటలు గట్టిగానే చెప్పుకుని పోయారు. బతికుండగా వాళ్ల నోట అలాంటి మాట ఒక్కటీ వినలేదు. వినపడలేదేమోలే అనుకుందామన్నా, నా చెవులు పోయి ఐదేళ్లే అయింది.

ఫ్లెక్సీ షాపులో అడిగిస్తే నీ పేరు చెప్పారు. చంపితే చంపావు గాని బిడ్డా, పుట్టిన సంవత్సరం మార్చి ముసలిదాన్ని ఎందుకు చేశావు? ఫోటో అయినా మంచిది దొరకలేదా? నీ పెళ్లిలో నోట్లో బూరె పెట్టుకున్నప్పటి ఫోటో అది. ఒక బుగ్గ ఉబ్బి ఉంది. చూసిన వాళ్లు నేను పన్ను నొప్పితో పోయాననుకుంటారు.

ఫోన్ చేయకు. నువ్వు అరవాలి, నాకు వినపడే లోపల వాడకంతా వినపడుతుంది. ఎప్పటిలాగే కాగితం మీద రాసి శ్యాంసుందర్ కూరగాయల ఆటోలో పంపు. నేనెందుకు చచ్చానో నాకు తెలిస్తే బాగుంటుంది.

మీ అత్తమ్మ,
(స్వర్గీయ) సమ్మమ్మ


హనుమకొండ,
ఫిబ్రవరి, రెండో వారం

పూజ్యురాలైన అత్తమ్మకు,

పద్మలత నీ కాళ్లకు మొక్కి రాయునది. తప్పయింది. అసలు సంగతి మొదటి నుంచి చెబుతాను.

మా రాజేశ్వర్ రావు సేటు ధర్మాత్ముడు. మా బట్టల షాపులో పొద్దున తాళం తీసిన దగ్గర నుంచి రాత్రి షట్టరు దించేదాకా కూర్చునేది ఇద్దరే. గల్లా దగ్గర ఆయన, పరుపుల మీద గిరాకీలు. చీరలు చూపించే ఆడవాళ్లం నిలబడాలి. మేం కూర్చుంటే చీర విలువ తగ్గుతుందట. జబ్బుకు సెలవు లేదు. ఆయన చెప్పేదేమిటంటే, జబ్బు చేసిందంటే మనిషి ఉన్నట్టే కదా, ఉన్న మనిషి పనికి రావాలి. చావుకు మాత్రం జీతంతో మూడు రోజులు. చావంటే ఆయనకు అంత భక్తి.

అందుకని మా షాపులో ఎవరికీ జబ్బులు రావు, అందరి ఇళ్లల్లో చావులే. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు నాయనమ్మను చంపాను. ఆమె నేను పుట్టకముందే పోయింది కాబట్టి పెద్ద పాపం కాదనుకున్నాను. నీ తల్లే కదా, నిన్నొక మాట అడగాల్సింది. నా పక్కన పనిచేసే నుస్రత్‌కు గౌస్ పాషా అని మామూ, ఒక్కడే మేనమామ. ఆమెకు డెంగ్యూ వచ్చినప్పుడు ఒకసారి, వాళ్ల పాపకు ఫిట్స్ వచ్చినప్పుడు ఒకసారి పోయాడు. రంజానుకు ఆయనే స్వయంగా షాపుకు వచ్చి లాల్చీ గుడ్డ కొన్నాడు. మంచి మనిషి, బిల్లు మీద వేరే పేరు రాయించుకున్నాడు.

సేటుకు ఎక్కడో అనుమానం తగిలింది. ఇప్పుడు వట్టి మాట చెల్లదు. శ్రద్ధాంజలి ఫ్లెక్సీ ఫోటో ఆయన వాట్సాప్‌కు పంపాలి. స్నేహలత ఫ్లెక్సీ షాపుకు పోయి డిజైన్ ఒక్కటే చాలని చెప్పింది. వాళ్లు సరేనన్నారు. కానీ చావు ఫ్లెక్సీ అంటే అచ్చు వేయడం, ఊళ్లో కట్టడం అన్నీ కలిపే చేస్తారట. కింద ధర్మసాగర్ అని ఉంది కదా అని మనిషిని పంపి కట్టించేశారు. నేను పోయి కొట్లాడితే, ఏడ్చే ఇంటివాళ్లను మళ్లీ మళ్లీ ఏం అడుగుతామక్కా అన్నారు. అంత మర్యాద గల మనుషులకు దండం పెట్టి వచ్చేశాను.

నీ వయసు పెంచింది స్నేహలత. ముసలివాళ్లయితే సేటు ఎక్కువ ప్రశ్నలు వేయడని. నవ్వే ఫోటో పెట్టుకున్నదీ తనే, అందులో బాగున్నానంటుంది.

సెలవు కాళ్ల నొప్పులకు చూపించుకోవడానికి తీసుకున్నాను. రోజంతా నిలబడే పని కదా, పెద్ద విషయం కాదు. నిన్నే ఎందుకంటే, దగ్గరి వాళ్లందరూ ఇప్పటికే అయిపోయారు.

నీ కోడలు పిల్ల,
పద్మలత


ధర్మసాగర్,
ఫిబ్రవరి, చివరి వారం

చిరంజీవి పద్మలతకు,

నా ఫ్లెక్సీ దింపించుకుని ఇంటికి తెచ్చుకున్నాను. మంచి గట్టి సరుకు, పారేయడానికి మనసొప్పలేదు. ఇప్పుడు దాని మీదే మిరపకాయలు ఎండబెడుతున్నాను. నా మొహం మీద నా మిరపకాయలు. సాయంత్రం ఎత్తేటప్పుడు ఉబ్బిన బుగ్గ దగ్గర నాలుగు ఎక్కువే దొరుకుతాయి. ఈ పంట ఎనుమాముల మార్కెట్‌కు పోయేదాకా నన్ను చుట్టి పెట్టేది లేదు.

మీ సేటు న్యాయం నాకు నచ్చింది. మనిషి బతికుండి అడిగితే ఇవ్వడు, చచ్చి అడిగితే ఇస్తాడు.

అయితే ఒక్క అనుమానం. స్నేహలత శ్యాంసుందర్ ఆటోలో కాలేజీకి పోతూ, అమ్మకు రెండోసారి పొట్ట స్కానింగ్ చేశారని అన్నదట. శ్యాంసుందర్ ఆ మాట నా చెవిలో అరిచి చెప్పాడు కాబట్టి మా వాడంతటికీ తెలుసు. కాళ్ల నొప్పులకు పొట్ట స్కానింగ్ చేస్తారా? తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నట్టుంది నీ జవాబు. అబద్ధం చెప్పడం నీకు సేటు నేర్పాడు, సరే. నాకు చెప్పడం ఎవరు నేర్పారు?

మీ నాయన పోతూ పోతూ నిన్ను నా చేతిలో పెట్టి పోయాడు. నేను చచ్చినదాన్నే అయినా ఆ సంగతి మర్చిపోలేదు. ఉన్నది ఉన్నట్టు రాయి.

మీ అత్తమ్మ,
సమ్మమ్మ


హనుమకొండ,
మార్చి, మొదటి వారం

అత్తమ్మకు నమస్కారం.

కాళ్లు బాగానే ఉన్నాయి. గర్భసంచిలో గడ్డలు ఉన్నాయట. బతుకమ్మ పండుగ గిరాకీ అప్పటి నుంచి నెలసరి సరిగ్గా ఆగడం లేదు. ఒంట్లో ఉండాల్సిన రక్తం సగమే ఉందని డాక్టరమ్మ అంది. ఆ సగంతో పట్టుచీరలు విప్పుతున్నాను, మడుస్తున్నాను. బాత్‌రూముకు పోవాలంటే సేటు గల్లా ముందు నుంచే దారి. ఎవరెన్నిసార్లు పోయారో ఆయనకు గుర్తే. మా యూనిఫాం ముదురు రంగు చీర కావడం ఒక్కటే దేవుడి దయ.

గర్భసంచి తీసేయాలి, తర్వాత ఆరు వారాలు బరువు ఎత్తకుండా, నిలబడకుండా ఇంట్లో ఉండాలి అంది. ఎవరు చస్తే ఆరు వారాలు వస్తాయా అని ఆటోలో వస్తూ ఆలోచించాను. ఎవరు చచ్చినా రావు. నీ అల్లుడు మహిపాల్ నిజంగా పోయినప్పుడు నాకిచ్చినవీ మూడు రోజులే. నీకు అప్పుడు చెప్పలేదు. నాలుగో రోజు పోతే, కొత్తగా మొగుడు పోయిన ఆడది పెళ్లి చీరలు ముట్టుకుంటే షాపుకు అశుభమని, నన్ను వెనక గోదాములోకి పంపి ధర చీటీలు అంటించమన్నాడు. అక్కడ ఒక స్టూలు ఉంది. ఈ ఉద్యోగంలో నేను కూర్చుని పనిచేసింది ఆ కొన్ని రోజులే. ఏడ్చుకోవడానికి కూడా వీలుగా ఉండేది.

నాకు భయంగా ఉంది అత్తమ్మా. ఆపరేషన్‌కు కాదు. లేచి వచ్చేసరికి నా జాగాలో ఇంకొకరు నిలబడి ఉంటారని. ఈ జీతం మీదనే ఇంటి కిరాయి, స్నేహలత చదువు నడుస్తున్నాయి.

పద్మలత


ధర్మసాగర్,
మార్చి, రెండో వారం

బిడ్డా,

నీ ఉత్తరం చదివి రెండు పూటలు అన్నం ముట్టలేదు. మొగిలమ్మ వచ్చి, ఎవరు పోయారని అడిగింది. నేనే కదా అన్నాను.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. నువ్వు ఎప్పుడైనా నాకు జబ్బు చేసింది అని సేటును నోరు తెరిచి అడిగావా? ఇంటిల్లిపాదినీ చంపావు గాని, నీ పేరు మీద ఒక్క జ్వరమైనా రాసుకోలేదు.

నీ జీతం చీటీలో ఈఎస్ఐ అని ఏమైనా కోస్తున్నారేమో చూడు. మీ మామ ఉప్పలయ్య వరంగల్ మిల్లులో ఉన్నప్పుడు కోసేవారు. ఆయనకు కామెర్లయినప్పుడు ఈఎస్ఐ దవాఖాన డాక్టరు రాసిచ్చిన కాగితం మీద చాలా రోజులు ఇంట్లోనే ఉన్నాడు. డబ్బులూ వచ్చాయి. ఆ రోజుల్లోనే మన పెరట్లో జామచెట్టు పెట్టాడు. మిల్లు పోయింది, మీ మామ పోయాడు, ఆ జామకాయలు నువ్వు ఇప్పటికీ తింటున్నావు.

కావాలంటే నేను వచ్చి మీ సేటుతో మాట్లాడతాను.

మీ అత్తమ్మ


హనుమకొండ,
ఏప్రిల్, మొదటి వారం

అత్తమ్మకు,

నువ్వు చెప్పింది నిజమే. నెలనెలా కోస్తున్నారు. టీ డబ్బులకేమో అనుకున్నాం. నేనూ నుస్రత్ కలిసి దవాఖానకు పోయి అడిగాం. అక్కడి డాక్టరు రాసిస్తే ఆ రోజులన్నీ సెలవేనట, జీతంలో చాలా భాగం వస్తుందట, ఆ సమయంలో ఉద్యోగం నుంచి తీసేయడానికి వీల్లేదట. ఇన్నేళ్లూ నేను డబ్బు కట్టి కొనుక్కున్న సెలవు అది. ఆ ముక్క తెలియక మా నాయనమ్మను చంపుకున్నాను.

డాక్టరు కాగితం రాసిచ్చాడు. దాని మీద అర్జీ రాసుకుని, నీ మాట మీద ధైర్యం చేసి సేటును అడిగాను. ఆయన అర్జీ ముట్టుకోలేదు. ఫోన్ తీసి, బూరె నోట్లో పెట్టుకున్న నీ ఫోటో చూపించాడు. "మొన్ననే గదమ్మా, మీ అత్త పోయిందని ఇచ్చిన. ఒక్క మనిషికి ఏడాదికి ఎన్ని కష్టాలొస్తయ్?" అన్నాడు. అప్పుడు కూడా జబ్బే సార్ అందామంటే నోరు రాలేదు. అంటే, చావుకే దొంగ ఫ్లెక్సీ చేసినదానివి, జబ్బుకు దొంగ కాగితం తేలేవా అంటాడు. ఇన్నాళ్లు ఆడిన అబద్ధాలు అడ్డం వచ్చి నిలబడ్డాయి. పెళ్లిళ్ల సీజన్ అయ్యాక చూద్దాం, ఆగలేకపోతే లెక్క చూసుకుని పొమ్మన్నాడు.

అందుకని ఆపరేషన్ సీజన్ తర్వాత చేయించుకుంటాను. ఐరన్ గోలీలు మింగుతున్నాను. నువ్వు మాత్రం రాకు. నువ్వు షాపులో కనపడితే నా ఉద్యోగం ఆ క్షణమే పోతుంది. దయచేసి ఇంకో రెండు నెలలు చచ్చే ఉండు అత్తమ్మా.

పద్మలత


హనుమకొండ, దవాఖాన వరండా,
ఏప్రిల్, చివరి వారం

బిడ్డా పద్మలతా,

నీ మంచం పక్కనే కూర్చున్నా గాని, నువ్వు మెల్లగా చెప్పేది నాకు వినపడదు, నేను మాట్లాడితే వార్డంతా లేస్తుంది. నర్సు ఇప్పటికే రెండుసార్లు కోప్పడింది. అందుకని బయటికొచ్చి రాస్తున్నాను. రక్తం ఎక్కడం అయ్యాక తీరిగ్గా చదువుకో.

మొన్న చీర విప్పుతూ నువ్వు పడిపోయావనీ, నుస్రత్ ఆటోలో వేసుకుని తెచ్చిందనీ స్నేహలత వచ్చి చెప్పింది. నువ్వు చచ్చి ఉండమన్నావు. ఉన్నాను. నువ్వు కూడా నా దగ్గరికి వచ్చేటట్టున్నావని తెలిశాక ఇక ఉండలేకపోయాను.

నిన్న నీ అర్జీ, డాక్టరు కాగితం పట్టుకుని మీ షాపుకు పోయాను. ఫ్లెక్సీ చుట్టి చంకలో పెట్టుకున్నాను. షాపు పెళ్లివాళ్లతో కిటకిటలాడుతోంది. గల్లా ఎదురుగా పరుపు మీద కూర్చున్నాను. ఎంత మెత్తగా ఉందో. దాని ముందు మీరు రోజంతా నిలబడుతున్నారని తలుచుకుంటే నాకు కడుపు మండింది.

గిరాకీలను పిలిచే పెద్ద గొంతుతో సేటే స్వయంగా పలకరించాడు, పెళ్లి చీరలా అని. దినాల చీర కావాలన్నాను. ఎవరివి అన్నాడు. నావే అని ఫ్లెక్సీ పరిచాను. దులపకుండా తెచ్చాను, మిరపపొడి లేచి సేటు, గల్లా, పెళ్లికూతురి మేనమామ, అందరూ తుమ్మారు. సేటు నన్నూ ఫ్లెక్సీనీ మార్చి మార్చి చూశాడు. బుగ్గ ఉబ్బి లేకపోయినా గుర్తుపట్టాడు.

నేను అర్జీ చేతికిచ్చాను. ఆయన వంగి ఏదో గుసగుసలాడాడు. వినపడ్తలేదు సేటూ, జర గట్టిగ చెప్పు అన్నాను. ఇంకొంచెం పెంచాడు. నిజంగానే వినపడలేదు బిడ్డా, నటన కాదు. చివరికి అరిచాడు, జబ్బుకు సెలవు లేదు, చావుకే అని. షాపంతా అటు తిరిగింది.

"మంచిది సేటూ. సావుకు మూడు రోజులే గద ఇస్తవ్. మైల పదకొండు దినాలు. మరి గీ పెండ్లి చీరెలన్నీ మైలల ఉన్నోళ్లే ముట్టిండ్రా?" అన్నాను.

నేను మామూలుగా మాట్లాడినా మూడంతస్తులకు వినపడుతుందని నీకు తెలుసు. పెళ్లికూతురి తల్లి చేతిలో చీర కింద పెట్టేసింది. పక్క పరుపు మీదివాళ్లు లేచి నిలబడ్డారు. నిన్ను గోదాములోకి తోసినవాడికి మైల సంగతి నేను నేర్పాలా? నాకు అందులో నమ్మకం ఉందా అని అడగకు. ఆయనకు ఉంది, అది చాలు.

సేటు మొహం సున్నం కొట్టినట్టయింది. రెండు చేతులూ పైకెత్తి, "ఎవ్వలు సావలేదమ్మా. మా షాపుల ఎవ్వల ఇంట్ల సావు కాలే. అన్నీ జబ్బులే. ఆడోళ్లకు జబ్బు చేస్తే సావని చెప్పిండ్రు, గంతే," అని అందరికీ వినపడేటట్టు చెప్పాడు. నాకు కూడా వినపడింది.

"జబ్బులేనా? అయితే జబ్బు సెలవే రాయి."

ముద్ర వేసి, అర్జీ ముట్టిందని సంతకం పెట్టి నకలు నా చేతికిచ్చాడు. పెళ్లికూతురి తల్లి మళ్లీ చీర అందుకుంది. నుస్రత్ మూలన నిలబడి పైట నోట్లో కుక్కుకుంటోంది, నవ్వుకో ఏడుపుకో తెలియలేదు.

ఎల్లుండి ఆపరేషన్. ఉద్యోగం ఎక్కడికీ పోదు, ఫికర్ చేయకు. తర్వాత ఆరు వారాలూ నా దగ్గరే.

అత్తమ్మ


హనుమకొండ,
జూలై, మొదటి వారం

ప్రియమైన అత్తమ్మకు,

ఆదివారం నిన్ను చూసి క్షేమంగా చేరాను. నువ్వు కట్టిచ్చిన జామకాయలు నుస్రత్ సగం తినేసింది. మూడు వారాలుగా పనిలో ఉన్నాను. నా జాగాలో నేనే ఉన్నాను. సేటు నాతో మాట్లాడటం లేదు. అది కూడా ఒక సెలవే.

ఫ్లెక్సీల ఆచారం ఎత్తేశాడు. ఇప్పుడు డాక్టరు చీటీ తెస్తే చాలు. స్టూళ్లు మాత్రం ఇంకా రాలేదు, అడుగుతున్నాం. ఇన్నేళ్ల అలవాటు ఒక్కసారి పోదు కదా. మొన్న నుస్రత్‌కు జ్వరం వస్తే అర్జీ రాస్తూ, చెయ్యి దానంతటదే పోయి మా మామూ అని మొదలుపెట్టింది. కొట్టేసి, నాకు అని రాసింది. ఆ ఒక్క మాట రాయడానికి ఎంత సిగ్గుపడిందో. రాశాక చాలాసేపు దాన్నే చూసుకుంది. ఇన్నాళ్లకు మా షాపులో మనుషులకు జబ్బు చేయడం మొదలైంది.

నిన్న జీతం ఇచ్చారు. మూడు రోజుల డబ్బు తక్కువుంది. పోయి అడిగితే సేటు పుస్తకం తిప్పి చూపించాడు. ఫిబ్రవరిలో నీ చావుకిచ్చిన మూడు రోజులట. మనిషి బతికే ఉంది కాబట్టి ఆ సెలవు చెల్లదు, కోత పడింది అన్నాడు. నేను గొడవ పెట్టుకుంటానని నుస్రత్ నా చెయ్యి పట్టుకుంది.

నేను సంతకం పెట్టి వచ్చేశాను. నువ్వు బతికున్నందుకు కోత అత్తమ్మా. ఈ ఉద్యోగంలో చేరాక నేను ఇంత ఇష్టంగా కట్టిన డబ్బు ఇంకొకటి లేదు.

నీ పద్మలత